పుస్తకం ఉంది, వెతికితే రాదు: గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ పనిలోని అసలు చిక్కులు

గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ సంస్థల సహాయ విభాగాలకు తరచుగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "పుస్తకం బీరువాలో ఉంది, వెతికితే రావడం లేదు." సర్వర్ ఆగిపోలేదు, తెర మీద ఎర్రర్ సందేశం లేదు, లాగ్‌లో ఏ తప్పూ నమోదు కాలేదు. ప్రోగ్రాం తనకు చెప్పిన పనే చేసింది. అయినా పాఠకుడు ఉత్త చేతులతో వెళ్లిపోయాడు. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో లెక్క కుదరకపోతే ఆ సాయంత్రానికే బయటపడుతుంది. గ్రంథాలయంలో దొరకని పుస్తకం గురించి చాలామంది అడగను కూడా అడగరు, లేదనుకుని ఊరుకుంటారు. కాబట్టి ఇలాంటి ఫిర్యాదు ఒకటి వచ్చిందంటే, రాకుండా పోయినవి ఇంకా ఎన్నో ఉన్నాయనే అనుకోవాలి.

కారణం ఎక్కడుందో చూడాలంటే తెలుగు పుస్తకాన్నే తీసుకోవచ్చు. పేరులో "సాఫ్ట్‌వేర్" అనే మాట ఉందనుకుందాం. టకారం కింద వకారం ఒత్తుగా పడకుండా విడిగా నిలవాలంటే ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలిచ్చే పద్ధతి) అక్షరం ఒకటి ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. కేటలాగు చేసినవారు దాన్ని టైపు చేశారు, పాఠకుడు చేయలేదు. రెండూ వేర్వేరు మాటలని కంప్యూటర్ తేల్చేసింది. ఐత్వంతో ఇంకో తంటా. "పై" అనే అక్షరంలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు; లేదా ఎత్వం గుర్తు పెట్టి, దాని వెనక ఐత్వపు పొడవు గుర్తు చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, ముద్రిస్తే ఒకేలా వస్తాయి. లోపలి బైట్లు మాత్రం వేరు.

ఈ ఫిర్యాదును రెండు రకాలుగా ముగించవచ్చు. ఆ ఒక్క రికార్డు తెరిచి, పేరు మళ్లీ టైపు చేసి, "సరిచేశాం" అని టికెట్ (నమోదైన ఫిర్యాదు) మూసేయడం ఒకటి. పది నిమిషాల పని. నెల లెక్కల్లో బాగా కనిపిస్తుంది. రెండోది, సెర్చ్ ఇండెక్సు (వెతకడానికి వీలుగా ముందే కట్టి ఉంచే పదాల జాబితా) కట్టేటప్పుడూ పాఠకుడు వెతికేటప్పుడూ ఒకే నియమంతో అక్షరాలను సమానం చేయడం. ఇక్కడ చిన్న మెలిక ఉంది. యూనికోడ్ మామూలు నార్మలైజేషన్, అంటే ఒకే అక్షరపు వేర్వేరు రూపాలను ఒకటిగా మార్చడం, ఐత్వం సంగతి చూసుకుంటుంది. కనిపించని ఆ జాయినర్‌ను మాత్రం తాకదు. దాన్ని ఇండెక్సులో విడిగా తొలగించాలి, చూపించే పేరులో మాత్రం ఉంచాలి. ఐసీయూ అనే ఓపెన్ సోర్సు (ఎవరైనా చూసి వాడుకోగల) కోడు సంకలనంతో ఈ రెండు పనులూ చేయించవచ్చు. అయితే నియమం మార్చగానే సరిపోదు, కేటలాగు మొత్తానికి ఇండెక్సు కొత్తగా కట్టాలి. పెద్ద కేటలాగైతే గంటలు పడుతుంది, అందుకే గ్రంథాలయం మూసిన తర్వాత మొదలుపెడతారు. మొదటి దారి సహాయ విభాగం పని, రెండోది డెవలపర్ పని అని గోడ కట్టిన సంస్థల్లో సాధారణంగా జరిగేది మొదటిదే. గోడకు అవతల ఉన్న మనిషికి ఐత్వం గొడవ ఎప్పటికీ తెలియదు.

అసలు ఈ రంగాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక విషయం ఒప్పుకోవాలి. ఇక్కడ కోడు చిన్న విషయం. పెద్దది పాత డేటా, దాన్ని చుట్టుకుని ఉన్న నియమాలు. రికార్డులు ఇల్లయితే ప్రోగ్రాములు అందులో అద్దెకుండేవి. పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకటి ఖాళీ చేస్తుంది, ఇంకొకటి దిగుతుంది. ఇల్లు మాత్రం 1960ల నాటిది.

ఆ ఇంటి పునాది పేరు మార్క్, పుస్తకాల వివరాలను యంత్రం చదివేలా రాసే పద్ధతి. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయంలో దీన్ని రూపొందించిన బృందానికి నాయకత్వం వహించిన హెన్రియెట్ ఆవ్‌రమ్ గ్రంథాలయ శాస్త్రం చదివినవారు కాదు. 1950లలో ఐబీఎం 701 యంత్రం మీద పనిచేసిన ప్రోగ్రామర్. 1965లో అక్కడ చేరి, కేటలాగు కార్డు మీద ఏది ఎందుకు ఎక్కడ రాస్తారో లైబ్రేరియన్లను అడిగి నేర్చుకుని, దాన్ని యంత్రానికి అర్థమయ్యే రూపంలో పెట్టారు. గ్రంథాలయ ప్రోగ్రాములు రాసి, చూసుకునే ఈ ఉద్యోగానికి అవసరమైన మొదటి అర్హత ఏమిటో ఆమె పనిలోనే కనిపిస్తుంది.

మార్క్ రికార్డు అయస్కాంత టేపు మీద ఒకదాని వెనక ఒకటి చదవడానికి పుట్టింది. మొదటి 24 అక్షరాలు లీడర్, రికార్డు గురించే చెప్పే తలకట్టు. ఆ తర్వాత డైరెక్టరీ, ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక. అందులో ఒక్కో ఫీల్డుకు, అంటే పేరు, రచయిత వంటి ఒక్కో వివరానికి, 12 అంకెలు. మూడు అంకెలు ఫీల్డు సంఖ్య, నాలుగు దాని పొడవు, అయిదు అది మొదలయ్యే చోటు. రికార్డు మొత్తం పొడవు చెప్పడానికి లీడర్‌లో అయిదు అంకెల చోటే ఉంది. అంటే ఏ రికార్డూ 99,999 బైట్లు దాటకూడదు. టేపుల కాలంలో ఎవరికీ ఇది ఇబ్బంది అనిపించి ఉండదు. ఇప్పుడు ఒక పత్రిక తాలూకు వందల సంచికల వివరాలు, ఒక్కో ప్రతి బార్‌కోడ్, కొన్న తేదీ, ధర అన్నీ ఒకే రికార్డులో ఫీల్డులుగా కూర్చుంటాయి. రికార్డు హద్దు దాటగానే ఎగుమతి విరిగిపోతుంది. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కొక్కటి కనీసం మూడు బైట్లు కాబట్టి మన లిపి రికార్డులు ఆ హద్దును ఇంకా ముందే చేరతాయి. ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఉంచితే ఈ అడ్డు లేదు, చాలా వ్యవస్థలు లోపల అలాగే దాచుకుంటున్నాయి. అయినా పక్క గ్రంథాలయానికి రికార్డులు పంపాల్సి వస్తే మళ్లీ పాత రూపమే అడుగుతారు.

లీడర్‌లో పదో అక్షరం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ "ఎ" అనే రోమన్ అక్షరం ఉంటే రికార్డు యూనికోడ్‌లో ఉన్నట్టు. ఖాళీగా ఉంటే మార్క్-8 అనే పాత సంకేత పద్ధతిలో ఉన్నట్టు. యూనికోడ్‌లో రాసి ఆ చోటు ఖాళీగా వదిలేసిన రికార్డులు లోకంలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిని ఎక్కించగానే పేర్లలో ప్రశ్నార్థకాలు, పెట్టెలు, పిచ్చి గుర్తులు ప్రత్యక్షమవుతాయి. "మీ కొత్త వెర్షన్ మా కేటలాగును పాడుచేసింది" అని ఫిర్యాదు వస్తుంది. తప్పు వెర్షన్‌ది కాదు, ఒక్క అక్షరానిది. ఆ మాట లైబ్రేరియన్‌కు నొప్పి కలగకుండా చెప్పడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

మార్క్ స్థానంలో వెబ్ కాలానికి తగిన నమూనా తేవాలని అదే కాంగ్రెస్ గ్రంథాలయం బిబ్‌ఫ్రేమ్ ముసాయిదాను 2012లో ప్రకటించింది. ఆ తర్వాత దశాబ్దానికి పైగా గడిచినా రోజువారీ పనిలో మార్క్ కదల్లేదు. దీన్ని సోమరితనం అనుకోవడం పొరపాటు. కోట్ల రికార్డులు, వాటిని ఇచ్చిపుచ్చుకునే వేల సంస్థలు, ప్రతిదాని వెనకా ఆ మూడంకెల ఫీల్డు సంఖ్యలు కంఠస్థంగా వచ్చిన సిబ్బంది ఉన్నచోట మార్పు అలాగే నడుస్తుంది.

పాత వ్యవస్థ నుంచి కొత్తదానికి డేటా తరలించే పనిని మైగ్రేషన్ అంటారు. ఈ రంగంలో చేరిన డెవలపర్‌కు అసలు పాఠాలు అక్కడే. ఒక్క బార్‌కోడ్ సంగతే చూద్దాం. అమెరికా గ్రంథాలయాల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో బార్‌కోడ్‌కు 14 అంకెలు. 2తో మొదలైతే పాఠకుడి కార్డు, 3తో మొదలైతే పుస్తకం, చివరిది సరిచూసుకునే అంకె. పాత వ్యవస్థ నుంచి జాబితా ఫైలుగా వస్తుంది. పంపేముందు గ్రంథాలయంలో ఎవరో "ఒకసారి చూద్దాం" అని దాన్ని ఎక్సెల్‌లో తెరుస్తారు. 14 అంకెల సంఖ్యను ఎక్సెల్ ఘాతాంకంగా కుదించి చూపిస్తుంది. అలాగే సేవ్ చేస్తే ఫైలులో మిగిలేది ఆ కుదించిన రూపమే. వేల పుస్తకాలకు ఒకే "బార్‌కోడ్" వచ్చి చేరుతుంది. సున్నాతో మొదలయ్యే కార్డు సంఖ్యలున్న చోట ముందరి సున్నాలు మాయమవుతాయి. అనుభవమున్న బృందాలు అందుకే ముందే రెండు మాటలు చెబుతాయి: ఫైలు తెరవకండి, జిప్ చేసి పంపండి. అది దాటాక ప్రచురణ సంవత్సరం గడిలో ధర, ధర గడిలో దాత పేరు, ఎవరికీ అర్థం తెలియని "ఎక్స్2" అనే సంకేతం వంటివి వరస కడతాయి. ఆ సంకేతం ఏమిటో తెలిసిన మనిషి పదవీ విరమణ చేసి ఉంటారు. ఇలాంటి గడిని తీసిపారేయడం తేలిక, కానీ దాన్ని గమనిక ఫీల్డులో ఉన్నది ఉన్నట్టు దాచడమే సరైన పని. మూడేళ్ల తర్వాత ఎవరో దాని కోసం అడుగుతారు.

డేటా తర్వాతి బరువు నియమాలది. పుస్తకం ఎన్ని రోజులకు ఇవ్వాలి, ఎన్నిసార్లు పొడిగించాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత, దానికి గరిష్ఠ పరిమితి ఉందా అన్నవి మూడు విషయాల మీద ఆధారపడతాయి: ఏ శాఖ, ఏ తరగతి పాఠకుడు, ఏ రకం వస్తువు. అయిదు శాఖలు, ఎనిమిది రకాల పాఠకులు, పది రకాల వస్తువులు ఉన్న ఓ మోస్తరు వ్యవస్థలోనే 400 గడులు తయారవుతాయి. అన్నీ ఎవరూ నింపరు. నింపని గడికి దానికంటే సాధారణమైన నియమం వర్తిస్తుంది. అది కూడా లేకపోతే అన్ని శాఖలకూ కలిపి పెట్టినది.

"ఈ విద్యార్థికి జరిమానా తప్పుగా పడింది" అనే టికెట్ ఇక్కడి నుంచే పుడుతుంది. విప్పి చూస్తే వరస ఇలా ఉంటుంది. పుస్తకం ఒక శాఖది, ఇచ్చింది ఇంకో శాఖ, తిరిగి తీసుకున్నది మూడోది. జరిమానా ఏ శాఖ నియమం ప్రకారం వేయాలి? సాఫ్ట్‌వేర్‌లో దానికో సెట్టింగు ఉంటుంది. గడువు రోజు సెలవా, సెలవైతే ఏ శాఖ క్యాలెండర్ ప్రకారం? దానికీ సెట్టింగే. మధ్యలో పాఠకుడి తరగతి విద్యార్థి నుంచి పరిశోధకుడికి మారింది. పుస్తకం తీసుకున్న నాటి నియమమా, తిరిగిచ్చిన నాటిదా? ఒక్కో ప్రశ్నకూ ఒక్కో గ్రంథాలయం వేరే జవాబు చెబుతుంది, ప్రతి జవాబూ న్యాయంగానే ఉంటుంది. చాలాసార్లు కోడులో తప్పు ఉండదు, జరిమానా నియమం ప్రకారమే పడి ఉంటుంది. ఆ నియమం వల్ల ఇంత జరుగుతుందని దాన్ని పెట్టినవారు ఊహించలేదంతే. కాబట్టి మంచి డెవలపర్ జరిమానా లెక్క రాసి ఆగడు. ఏ నియమం, ఏ శాఖది, ఎందుకు వర్తించిందో అదే తెర మీద చూపిస్తాడు. దీనివల్ల కొత్త సదుపాయం ఏదీ వచ్చినట్టు ప్రచార పత్రంలో కనిపించదు. సహాయ విభాగానికి వచ్చే ఫోన్లు మాత్రం తగ్గుతాయి.

ఈ పని ఎక్కడ చేస్తామన్నదాన్ని బట్టి ఉద్యోగ స్వరూపం చాలా మారుతుంది. వాణిజ్య సంస్థల వైపు గత రెండు దశాబ్దాలూ విలీనాలవే. 2005లో సిర్సీ, డైనిక్స్ ఒకటయ్యాయి. ఎక్స్ లిబ్రిస్‌ను 2015లో ప్రోక్వెస్ట్ కొన్నది, 2020లో ఇన్నోవేటివ్ ఇంటర్‌ఫేసెస్ కూడా ఆ గూటికే చేరింది, 2021లో ప్రోక్వెస్ట్‌నే క్లారివేట్ కొన్నది. సంస్థ చేతులు మారిన ప్రతిసారీ సహాయ విభాగంలో కూర్చున్నవారికి ఒకే ప్రశ్న ఎదురవుతుంది: తాము పదేళ్లుగా ఎరిగిన ఉత్పత్తి బతుకుతుందా, పక్కదానిలో కలిసిపోతుందా?

ఓపెన్ సోర్సు వైపు కథ వేరు. న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరం తేదీలను తట్టుకోలేదని తేలినప్పుడు, కటీపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థ చేత కొత్తది రాయించుకున్నారు. అదే కోహా. 2000 జనవరిలో వాడుకలోకి వచ్చింది, ఆ ఏడాదే జీపీఎల్ అనే ఓపెన్ సోర్సు లైసెన్సు కింద అందరికీ విడుదలైంది. అమెరికాలోని జార్జియా రాష్ట్ర గ్రంథాలయాల ఉమ్మడి వ్యవస్థ కోసం రాసిన ఎవర్‌గ్రీన్ 2006లో వచ్చింది. తమ అవసరానికి తగినది బజారులో దొరక్క గ్రంథాలయాలే పూనుకున్న సందర్భాలివి.

కోహాలో ఒక మార్పు లోపలికి వెళ్లే పద్ధతి గమనించదగినది. ముందు బగ్‌జిల్లా అనే లోపాల పట్టికలో సమస్య నమోదు కావాలి. ఎవరో ప్యాచ్, అంటే కోడులో చేయాల్సిన సవరణ, రాస్తారు. రాసినవారు కాకుండా వేరొకరు దాన్ని వాడి చూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత నాణ్యత బృందం కోడు చదువుతుంది, చివరికి విడుదల బాధ్యులు కలుపుతారు. సంతకం పెట్టేవారు ప్రోగ్రామర్ కానక్కర్లేదు. రోజూ కౌంటర్ దగ్గర కూర్చునే లైబ్రేరియన్ కావచ్చు, చాలాసార్లు అవుతారు కూడా. ప్యాచ్‌తో పాటు పరీక్షించే విధానాన్ని అంచెలంచెలుగా, కోడు రానివారికి కూడా అర్థమయ్యేలా రాయాలన్న నియమం దీనికోసమే. పెద్ద విడుదలలు ఏటా మే, నవంబర్ నెలల్లో వస్తాయి. వెర్షన్ సంఖ్యలోనే సంవత్సరం, నెల ఉంటాయి. మధ్య నెలల్లో చిన్న సవరణలు. ఎంత నిదానమని కొత్తవారు విసుక్కుంటారు. జరిమానా లెక్కలో తొందరపడి చేసిన మార్పు వందలాది గ్రంథాలయాల్లో ఒకేసారి బయటపడిన రోజున ఆ విసుగు పోతుంది.

ఓపెన్ సోర్సు అంటే ఖర్చు లేదనుకునే యాజమాన్యాలు ఇప్పటికీ ఉన్నాయి. లైసెన్సుకు డబ్బు కట్టక్కర్లేదు, నిజమే. సర్వర్ చూసుకునే మనిషి, అప్‌గ్రేడ్ చేసే మనిషి, రాత్రి బ్యాకప్ నడిచిందో లేదో చూసే మనిషి కావాలి. ఆ మనుషుల జీతం దగ్గర మిగిల్చుకున్న గ్రంథాలయం రెండేళ్లలో పాత వెర్షన్‌లో చిక్కుకుపోతుంది. అక్కడి నుంచి బయటపడేయడం కొత్తగా పెట్టడం కంటే ఖరీదు.

పరికరాల సంగతి ఒక మాట. పుస్తకాన్ని పాఠకుడే స్వయంగా నమోదు చేసుకునే యంత్రాలు, తిరిగి వచ్చిన పుస్తకాలను విడదీసే యంత్రాలు ప్రధాన వ్యవస్థతో సిప్-2 అనే భాషలో మాట్లాడతాయి. 3ఎం సంస్థ 1990లలో తెచ్చిన ప్రోటోకాల్ అది. సందేశం 11తో మొదలైతే పుస్తకం ఇవ్వమని, 09తో మొదలైతే తిరిగి తీసుకోమని. అంతా మామూలు పాఠ్యంగా, ఏ గుప్తీకరణా లేకుండా తీగ మీద ప్రయాణిస్తుంది. పాఠకుడి పిన్ నంబరు సహా. అందుకే దాన్ని గుప్తీకరించిన సొరంగం గుండా నడపడం సహాయ బృందం బాధ్యత. ఎవరూ గుర్తు చేయరు, ఒప్పందంలో రాసి ఉండదు, అయినా చేయాలి.

భద్రత గురించి ఈ రంగం నిద్ర లేచింది 2023 అక్టోబర్ తర్వాతే అనవచ్చు. ఆ నెలాఖరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సొమ్ము కోసం కంప్యూటర్లను బంధించే రిసీడా అనే సైబర్ ముఠా దాడి చేసింది. సంస్థ ఆ సొమ్ము చెల్లించలేదు. దాదాపు 600 గిగాబైట్ల సమాచారం బయటికి వచ్చింది. ప్రధాన కేటలాగు 2024 జనవరి మధ్యలో గానీ తిరిగి తెరుచుకోలేదు, అది కూడా వెతుక్కోవడానికి మాత్రమే. ఆ మార్చిలో సంస్థ తానే విడుదల చేసిన నివేదిక ఈ వృత్తిలో ఉన్నవారంతా చదవాల్సినది. బ్యాకప్‌లు ఉన్నా కొన్ని పాత వ్యవస్థలను తిరిగి నిలబెట్టలేకపోయారు. కొన్నింటికి తయారీదారు మద్దతు ఎప్పుడో ఆగిపోయింది, కొన్ని కొత్త భద్రతా ఏర్పాట్ల మీద నడవవు. అదే అక్టోబర్‌లో టొరంటో ప్రజా గ్రంథాలయం కూడా దాడికి గురైంది. పుస్తకాలు ఇవ్వడం ఎలాగో సాగించారు. తిరిగి వచ్చినవాటిని నమోదు చేసే దారి లేక లక్షల పుస్తకాలను ట్రెయిలర్లలో పేర్చి ఉంచాల్సి వచ్చింది. నెట్‌వర్క్ లేనప్పుడు వాడే ఆఫ్‌లైన్ సదుపాయం చాలా వ్యవస్థల్లో ఉంటుంది, కానీ అది ఒక పూటకో రోజుకో సరిపోతుంది. నెలల తరబడి అంతరాయానికి దాన్ని ఎవరూ రాయలేదు.

దొంగలు ఎత్తుకుపోగలిగింది మనం దాచిపెట్టిందే. పాఠకుడి సమాచారం గోప్యంగా ఉంచాలని అమెరికా గ్రంథాలయ సంఘం తన నీతి నియమావళిలో 1939లోనే రాసుకుంది. సాఫ్ట్‌వేర్ స్వభావం దీనికి ఎదురు. డెవలపర్‌కు ప్రతిదీ దాచిపెట్టాలని ఉంటుంది, రేపు ఏ తప్పు వెతకడానికైనా పనికొస్తుందని. పుస్తకం తిరిగి రాగానే దానికీ పాఠకుడికీ ఉన్న లంకె తెంచేసే సదుపాయం కోహా వంటి వ్యవస్థల్లో ఉంది. ప్రధాన పట్టికలో లంకె తెగినా వెబ్ సర్వర్ లాగ్‌లో, సిప్-2 లాగ్‌లో, మెయిలు పంపిన వరుసలో, నిన్నటి బ్యాకప్‌లో అదే సమాచారం మిగిలే ఉంటుంది. ఎన్ని రోజులకు ఏది చెరపాలో రాసిపెట్టి, చెరిపే పనిని యంత్రానికే అప్పగించడం మేలు.

అన్నింటికంటే తేలిగ్గా తప్పు జరిగే చోటు, ప్రోగ్రాం మార్పులను పరీక్షించడానికి విడిగా ఉంచే సర్వర్. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి అసలు డేటాబేసు నకలు తీసి అక్కడ పెడతారు. పాఠకుల పేర్లు, చిరునామాలు మారుద్దామనుకుంటూనే పనిలో పడిపోతారు. గడువు దాటిన పుస్తకాలకు హెచ్చరికలు పంపే రాత్రి ప్రోగ్రాం కూడా ఆ నకలుతో పాటే వచ్చి కూర్చుంటుంది. తెల్లారేసరికి, ఎప్పుడో తిరిగిచ్చేసిన పుస్తకాలకు జరిమానా కట్టమని వేలమందికి ఉత్తరాలు వెళ్లిపోయి ఉంటాయి. అందుకే నకలు ఎక్కించిన వెంటనే, మరే పని మొదలుపెట్టకముందే, ఈమెయిలు గడులన్నీ ఖాళీ చేసి, రాత్రి ప్రోగ్రాములను ఆపేసే స్క్రిప్టు ఒకటి నడవాలి. దాన్ని మనిషి జ్ఞాపకానికి వదలకుండా నకలు తీసే ఆదేశంలోనే కలిపి ఉంచాలి.